దొరసాని తిన్నదా లేదా

అమ్మా,

అందరం బాగున్నాం, నీ పిల్లి దొరసాని కూడా బాగానే ఉంది, కంగారు పడకు.

నువ్వు అక్క దగ్గరికి వెళ్ళిన నాటి నుంచీ అది ఒకటే కక్కడం. చాప మీద, నాన్న చెప్పుల్లో, ఉతికి మడతపెట్టిన దుప్పటి మీద. చివరికి పిన్నీ నేనూ బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి బయల్దేరితే, నాన్న బుట్ట అందుకుని ముందు నడిచారు.

"దీనికి తిండి ఎవరు పెడతారు?" అని డాక్టరు అడిగితే పిన్ని "నేనే" అంది, నేనూ "నేనే" అన్నాను. నాన్న గోడకేసి చూస్తూ "పొద్దున పాలు మాత్రం నేను" అన్నారు.

తప్పంతా నీ మాటదే. ఎదురైనప్పుడల్లా దాన్ని "తిన్నావా?" అని అడగడం మాకు నేర్పింది నువ్వు. అది మ్యావంటుంది, మేం లేదనుకుంటాం. జబ్బేం లేదట. పాలు మానేసి, ఒక్కరే కొంచెం కొంచెంగా పెట్టాలట. అయినా ఆగకపోతే మళ్ళీ తీసుకురమ్మన్నారు. ఇప్పుడా పని పిన్నిది.

బీరువా తాళం ఎక్కడ పెట్టావు? నాన్న స్వెట్టరు అందులోనే ఉంది. అక్క నడుం నొప్పి తగ్గిందా?

నేను ఉద్యోగం మానేసినప్పటి నుంచీ నాన్న నాతో మాట్లాడరు కదా. నిన్న అలవాటు కొద్దీ పిల్లి వైపు వంగి "తిన్నావా" అనేసి, పిన్ని చూడటంతో నాలుక కరుచుకుని, నా వైపు తిరిగి "నువ్వు తిన్నావా?" అన్నారు. అప్పటికే తిని చెయ్యి కడుక్కున్నాను. అయినా లేదన్నాను. ఇద్దరం కూర్చున్నాం.

అక్కనూ బావనూ అడిగానని చెప్పు. నా పొట్ట ఇంకా బరువుగానే ఉంది.

నీ చిన్నకూతురు