నువ్వు చెప్పినట్టే అప్‌డేట్ నొక్కాను, బిడ్డా

మౌనికా, బాగున్నావా బిడ్డా... అని రాసి ఆగిపోయాను. నిన్ను ఇప్పుడు అలా అడగవచ్చో లేదో తెలియదు. నువ్వు వెళ్లి మొన్నటికి ఎనిమిది నెలలు. భేస్తాన్‌లో అదే ఇంట్లో నేనూ మీ అమ్మా ఉన్నాం. తింటున్నాం, పడుకుంటున్నాం.

ఎందుకు రాస్తున్నానంటే, నీ ల్యాప్‌టాప్‌తో ఒక తప్పు చేశాను. తప్పేనా? అదే అర్థం కావడం లేదు.

మీ అమ్మ రోజూ వంట ముగించుకుని దాని ముందు కూర్చుంటుంది. నీ ఫొటోలన్నీ నెట్‌లో ఎక్కడో దాచావు కదా, అవి ఆ ఒక్కదాంట్లోనే తెరుచుకుంటాయి. పాస్‌వర్డ్ నీకు తప్ప ఎవరికీ తెలియదు. సోమవారం పొద్దున దానిమీద ఇంగ్లిషులో ఏదో వచ్చింది. నువ్వు చూపించిన అప్‌డేట్ అన్న మాట ఒక్కటే పోల్చుకున్నాను. "బాపూ, అది అడిగినప్పుడు చేసెయ్యాలె. ఊకె రేపు రేపు అనొద్దు" అనేదానివి కదా? నొక్కాను.

చాలాసేపు ఏదో చేసుకుంది. దానంతట అదే ఆరిపోయింది, అదే వెలిగింది. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, వైఫై తప్ప. ఫోన్‌లో వస్తోంది, నీ దాంట్లో ఆ గుర్తే మాయమైంది. ఒకే ఇల్లు, ఒకే నెట్... ఇదేం విడ్డూరం?

నా బుర్ర నీకు తెలుసుగా. కడోదరా కార్ఖానాలో మగ్గం ఆగిందంటే దూదైనా ఇరుక్కుని ఉంటుంది, బోల్టైనా వదులై ఉంటుంది. ముందు ఊదాను. లైట్లు మెరిసే ఆ వైఫై డబ్బాను గోడమీంచి దింపి ల్యాప్‌టాప్ పక్కనే పెట్టాను. దగ్గరుంటే అందుతుందేమోనని. మర్నాడు కార్ఖానా నుంచి బ్రష్షూ స్క్రూడ్రైవరూ తెచ్చి ల్యాప్‌టాప్ వెనక మూత విప్పబోయాను. "బాపూ, గిది మగ్గం కాదు. జర చెయ్యి తియ్యి" అని నువ్వు కసురుకునే మాట గుర్తొచ్చింది. నిజంగానే చెయ్యి తీసేశాను.

బజారులో రిపేరు షాపుకు తీసుకెళ్లాను. అతను అటూ ఇటూ చూసి, మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించాలన్నాడు. మరి మా పిల్ల ఫొటోలు ఎక్కడికి పోతాయని అడిగితే, బ్యాకప్ ఉందా అన్నాడు. అదేమిటో నాకేం తెలుసు? చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను. మీ అమ్మ అడిగితే షాపు మూసి ఉందని అబద్ధం చెప్పాను.

ఆ రోజంతా ఒకటే మాట... బిడ్డది మిగిలిందే ఇది, దీన్నీ నా చేతులతోనే పోగొట్టానా?

చివరికి నీ కాలేజీ స్నేహితురాలు హేతల్‌కు ఫోన్ చేశాను. ఆ పిల్ల హిందీ, నా హిందీ, మధ్యలో గుజరాతీ. లోపల కెర్నల్ అని ఒకటి ఉంటుందట, మీటలూ తెరా వైఫై ముక్కా అన్నీ దాని మాటే వింటాయట. అప్‌డేట్‌తో కొత్త కెర్నల్ వచ్చింది, దానికి మన వైఫై ముక్కతో కుదరలేదు. పాతది పోలేదు, లోపలే ఉందట. వెలిగేటప్పుడు ఒక మీట నొక్కి పట్టమంది. నల్లటి తెరమీద వరసలు వచ్చాయి. పాతదాని వరస పైనుంచి ఎన్నోదో లెక్క చెప్పి ఎంచుకోమంది. వైఫై వచ్చేసింది.

మేమూ మగ్గానికి కొత్త సామాను బిగించాక అది సరిగ్గా నడిచేదాకా పాతది పారేయం. మీ కంప్యూటర్లవాళ్లకూ ఆ బుద్ధి ఉందని ఎప్పుడైనా చెప్పావా నాకు?

మీ అమ్మ పరుగున వచ్చి కూర్చుంది. బండి మీది శనగపిండి లోచో తింటూ మూతికంతా సన్న కారప్పూస అంటించుకున్న నీ ఫొటో ఉంది కదా... దాన్నే చూస్తూ ఉండిపోయింది.

లోపం సరిచేసిన అప్‌డేట్ వస్తుంది, అప్పుడు మళ్లీ నొక్కాలంది హేతల్. మళ్లీనా? నీ మాట వినాలా, నా భయం మాట వినాలా?

ఇంకో మాట అంది. ఆ ముక్క ఉన్న ల్యాప్‌టాప్‌లు చాలావాటికి ఇలాగే అయిందట, అంకుల్ తప్పు ఏమీ లేదట. ఫోన్ పెట్టేసి ఏడ్చాను బిడ్డా. అంత ఏడుపు ఎందుకొచ్చిందో ముందు తెలియలేదు. తర్వాత తెలిసింది.

నీ ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రిలో ఒక కాగితం ఇచ్చారు. ఇంగ్లిషూ గుజరాతీ. నాకు తెలుగు తప్ప చదవడం రాదు. గ్యాసు కాగితమైనా బ్యాంకు కాగితమైనా నువ్వే చదివి చెప్పేదానివి. ఆ రోజు నువ్వేమో లోపల ఉన్నావు. త్వరగా అన్నారు. ఏమీ అడగకుండా సంతకం పెట్టాను. అందులో ఏముంది? నేను అడగాల్సిందేమైనా ఉందా? అడిగితే నువ్వు...

చదివే పెట్టానని మీ అమ్మ ఇప్పటికీ అనుకుంటోంది. ఆ కాగితం నకలు బీరువాలో నా చొక్కాల కింద ఉంది.

ఆదివారం ల్యాప్‌టాప్ చూడటానికి హేతల్ వస్తోంది. ఆ కాగితం తీసి ఆ పిల్ల చేతికిస్తాను. ఒక్కొక్క మాటా చెప్పించుకుంటాను. మీ అమ్మను పక్కనే కూర్చోబెట్టుకుంటాను.

బాపు