గద్దమెట్ట మలుపులో ఎర్రగుడ్డ

నవంబరు 2, ఆదివారం

గద్దమెట్ట కొండ చుట్టూ మళ్ళీ సైకిళ్ళ మీద ఒక చుట్టు. నేనూ, నూకరాజూ. తుపాను తర్వాత ఇదే మొదటిసారి. మట్టిదారి చాలాచోట్ల కోసుకుపోయింది, గుండ్రాళ్ళు పైకి తేలాయి. టైర్లలో గాలి తగ్గించుకుని ఎక్కాం. జీడితోటలు దాటాక టేకు చెట్ల కింద చల్లదనం, తడి ఆకుల వాసన. పైన ఆగితే ఒక పక్క ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాలు, ఇంకో పక్క మసకలో ఓడలు. ఆ ఓడల్లోంచి సరుకు దించే క్రేన్ నూకరాజుది. ఆరు రోజులు ఆకాశంలో కూర్చుని, ఏడో రోజు మల్కాపురం నుంచి తొక్కుకుంటూ వచ్చి పెందుర్తిలో నా గేటు ముందు బెల్లు కొడతాడు. ఇంగ్లండు అడవికొండల్లో సైకిళ్ళు తొక్కేవాళ్ళ వీడియోలు చూస్తుంటాడు. "ఆల్లకి మనకీ తేడా ఏటక్కా? సలి ఒకటే కదా." ఈ దారికి పేరు కూడా పెట్టేశాడు — మన ఇంగ్లండు.

దిగేటప్పుడు తూర్పు వాలు చూశాం. వాలు లేదు. క్వారీ వాళ్ళు నిలువుగా కోసేశారు, గోడలా. అంచున టేకు వేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి.

నూకరాజు సైకిల్ దిగి, అంచుకి దూరంగా నడిపించుకుంటూ వచ్చాడు.

నవంబరు 5, బుధవారం

పత్రికకి వ్యాసం పంపాను. ఇంగ్లండులో పాత కాలిబాట ఎవడి భూమిలోంచి పోయినా దాని మీద జనానికి హక్కు ఉంటుందట. గుర్తుగా ఒక కొయ్య పాతి, బాణం గుర్తు కొడతారట. మనకి కొయ్య లేదు. దారి ఉంది. మేకలు, కట్టెల మోపులు, పురుటికి మోసుకెళ్ళిన మంచాలు — ఇవన్నీ నడిచి వేసిన దారి. దాన్ని ఒక క్వారీ కంపెనీ కంకర చేసి అమ్ముకుంటుంటే మనం ఆదివారం టిఫిను తింటున్నాం.

కోపం కాస్త తగ్గించండి మేడమ్ అన్నాడు ఎడిటరు. కోపం తీసేస్తే మిగిలేది భూగోళం పాఠం. తగ్గించను.

నవంబరు 9, ఆదివారం

రెండో మలుపులో కర్ర పాతి ఉంది. దానికి ఎర్రగుడ్డ. బోర్డు లేదు, ఆర్డరు లేదు, ఎవరి పేరూ లేదు. ఒక గుడ్డ కట్టేస్తే దారి మూసుకుపోతుందా!

కొండ కింద పైడమ్మ పాకలో టీ తాగుతూ అడిగాను. ఎవరు కట్టారని. ఆవిడ గిన్నెలో గరిటె తిప్పుతూనే ఉంది.

"ఈయేల ఎల్లకండమ్మా. గుడ్డుంది కదా."

అంతే. ఆవిడ కొడుకు సన్నాసి ఆ క్వారీలోనే టిప్పరు నడుపుతాడు. ఇంట్లోకి బియ్యం ఆ లారీ మీద వస్తుంటే ఆవిడ నోరు ఎలా విప్పుతుంది? కంపెనీ బెదిరింపు టీ గ్లాసులో పోసి ఇస్తోంది, పాపం తెలియకుండానే.

నేను వెళ్దామన్నాను. నూకరాజు సైకిల్ వెనక్కి తిప్పేశాడు. "గుడ్డ గుడ్డేనక్కా. పోర్టులో ఎర్రజెండా సూసి ఎవుడూ సర్చ పెట్టడు."

చర్చ పెట్టకపోవడం వల్లే ఈ దేశం ఇలా ఉందని దారి పొడుగునా చెప్పాను. విన్నాడు. ఒప్పుకోలేదు.

నవంబరు 11, మంగళవారం

సైకిల్ గ్రూపులో పిలుపు ఇచ్చేశాను. 23, ఆదివారం — గద్దమెట్ట చుట్టూ సామూహిక సైకిల్ యాత్ర. దారి జనానిది అని చెప్పడానికి దాని మీద జనం కనబడాలి. రుషికొండ ఐటీ పిల్లలు వస్తామన్నారు. స్కూలు టీచర్లు పిల్లల్ని తీసుకొస్తామన్నారు.

నూకరాజు ఫోను. "సిన్నపిల్లలు కూడానా అక్కా?"

కూడానే. వాళ్ళ కొండే కదా పోతున్నది.

 అయితే దారి గుర్తులు తను పెడతానన్నాడు.

నవంబరు 16, ఆదివారం

మళ్ళీ అదే గుడ్డ. ఇవాళ నూకరాజుకి డ్యూటీ, నేనొక్కదాన్నే. సరే, తేల్చుకుందాం అనుకున్నాను. పైడమ్మ పాకలో కూర్చున్నాను. ఎండ నెత్తి మీదకొచ్చేదాకా. మోత లేదు, మనుషుల్లేరు, కొండ మీద కాకి కూడా కదల్లేదు. ఎర్రగుడ్డ అంటే బండలు పేలుస్తారని గుర్తట. అబద్ధం! పేలుడుమందు లేదు, పేలుడు లేదు, ఊరికే గుడ్డ చూపించి జనాన్ని తోలేయడం. రేపు గుడ్డ స్థానంలో గేటు, ఎల్లుండి గేటు పక్కన తుపాకీ వాడు. ఎక్కడైనా ఇంతే కదా.

సన్నాసి టిప్పరు వచ్చింది. ఆపలేదు, వేగం తగ్గించాడు. నన్ను చూశాడు, తల్లిని చూశాడు, వెళ్ళిపోయాడు. ఆ చూపు నచ్చలేదు నాకు.

పైకి వెళ్ళి కర్ర పీకేశాను. గుడ్డ విప్పి సంచిలో పెట్టుకున్నాను. కిందికొచ్చి పైడమ్మకి నా ఫోన్ నంబరిచ్చి, ఆవిడది రాసుకుని, గట్టిగానే చెప్పాను — మళ్ళీ ఎవరు కట్టినా సరే, కేసు పెడతాను, జైలుకి పంపేదాకా వదలను, కట్టినవాడికి ఈ మాట చేరాలి అని.

"తీసీసినావా," అంది.

 గ్లాసులు కడగడానికి లేచింది.

నవంబరు 17, సోమవారం

పొద్దున గద్దమెట్ట వైపు పేలుడు మోత. మా కిటికీ అద్దం గిలగిల్లాడింది. ఇవాళ సోమవారం కదా, మరి గుడ్డ నిన్నెందుకు?

నవంబరు 19, బుధవారం

గుడ్డని బల్ల మీద పరిచాను, వ్యాసంతో పాటు ఫొటో వేయిద్దామని. జెండా కాదిది. పాత నేతచీర ముక్క. పసుపుపచ్చ అంచు, దాని మీద నేసిన చిన్న చిన్న రుద్రాక్షలు. చిరగకుండా చుట్టూ చేత్తో కుట్టు వేసి ఉంది. ఒక మూల టీ మరక.

కంపెనీ వాడు కుట్టు వేస్తాడా?

వేయించి ఉంటాడు. కూలికి దొరకనిదేముంది.

ఫొటో తీశాను. పంపలేదు. ఈ అంచు ఎక్కడో...

నవంబరు 21, శుక్రవారం

నూకరాజు ఫోన్ చేశాడు. రాత్రి డ్యూటీ దిగి రేపు పొద్దున్నే అటునుంచి అటే గద్దమెట్టకి వెళ్తాడట. ఎల్లుండి వచ్చేవాళ్ళకి మలుపు మలుపునా సున్నంతో బాణాలు గీస్తాడట. ఇంగ్లండు కొయ్యల మీద ఉన్నట్టే. చిన్నపిల్లాడి సంబరం.

"మలుపులో గుడ్డేటైనా ఉంటదా అక్కా?"

లేదు, నేనే పీకేశాను, దారి ఖాళీ అన్నాను.

"అయితే సరే."

నవంబరు 22, శనివారం

పొద్దున కాఫీ పెడుతూ, పొయ్యికి గాలి తగలకుండా కర్టెన్ జరుపుతుంటే గుర్తొచ్చింది. పైడమ్మ పాక ముందు, టీ పొయ్యికి గాలి కొట్టకుండా వేలాడే తెర. ఎరుపు. పసుపుపచ్చ అంచు. రుద్రాక్షలు. అదే చీర. మిగతా సగం.

ఫోన్ చేశాను. నేను అడగకముందే చెప్పింది, ఎదురుచూస్తున్నదానిలా —

"నానే కట్టేదాన్నమ్మా. కంపినీవోలు ఏటీ కట్టరు. రాల్లకి మందుకన్నాలు కొట్టీసినారని మావోడు సెప్తే, మేకలోలు పైకెల్లిపోతారని నాను కట్టీదాన్ని. మందుబండి రాకపోతే ఆ రోజు పేల్సరు, మర్నాడు పేలుస్తారు. నాకేటి తెలుస్తాది ఎప్పుడో."

మరి మళ్ళీ ఎందుకు కట్టలేదు?

"కట్టినోల్ని జైల్లో ఎట్టిస్తానన్నావు కదమ్మా. నన్నెడితే ఎట్టు. మావోడి పేరొస్తాదని..."

ఇవాళ?

"మందుబండి రాత్రే వచ్చీసింది."

సన్నాసికి చెప్పి ఆపించమన్నాను. మందు దగ్గర పనిచేసేవాళ్ళ ఫోన్లు తీసేసుకుంటారట. నూకరాజు ఫోను — పరిధిలో లేదు. పరిధిలో లేదు. పరిధిలో లేదు. కొండ అవతల ఎప్పుడూ ఉండదు. తెలుసు. అయినా చేస్తున్నాను.

అదే రోజు, పైడమ్మ పాక

చేతులు ఊరికే ఉండటం లేదు. రాస్తున్నాను.

ఎంత వేగంగా తొక్కానో తెలియదు, వచ్చేసరికి ఆవిడ తెర విప్పి చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. నా సంచిలోని ముక్క కూడా లాక్కుంది. నేనూ వస్తానన్నాను.

"నువ్వు ఈడే ఉండు. ఎవులొచ్చినా ఎల్లనీకు. ఆ పని సెయ్యి ముందు."

మేకల దారిన, నిటారుగా ఎక్కిపోయింది. కాసేపు ఎరుపు కనబడింది చెట్ల మధ్య. ఇప్పుడు లేదు.

దారికి అడ్డంగా నా సైకిల్ పడుకోబెట్టాను. ఆవుల్ని తోలుకొచ్చినాయన ఆగాడు, విసుక్కున్నాడు. మోటార్‌సైకిల్ మీద ఇద్దరు వచ్చారు. మాటలు పెరిగాయి. దారి నీదా, ఏ ఆర్డరుతో ఆపుతున్నావు, బోర్డేదీ అని అడిగాడు వెనక కూర్చున్నవాడు. నా వ్యాసం చదివినవాడిలా.  చేతులు రెండూ చాపి నిలబడ్డాను. తిట్టుకుంటూ తిప్పుకుని పోయారు.

యాత్ర రద్దు అని గ్రూపులో పెట్టాను. ఎందుకు, ఎందుకు అని మోగుతూనే ఉంది. ఎడిటరు కూడా — భయపడ్డారా మేడమ్? ఫోన్ బోర్లా పెట్టేశాను.

కొండ మీద చప్పుడు లేదు. ఇందాక ఒక విజిల్ లాంటిది వినిపించింది, లేదా గద్ద.

రెండో మలుపు ఇక్కణ్ణించి కనిపిస్తుంది. ఎర్రమట్టి మీద తెల్లగా సున్నపు బాణం, బాగా గీశాడు, వంకర లేదు. పైకి చూపిస్తోంది. ఇక్కడ, నా సైకిల్‌కి అవతల, మెత్తటి దుమ్ములో నూకరాజు సైకిల్ వెడల్పాటి టైరు గీత. వంగి రెండుసార్లు చూశాను.

వెళ్ళిందే ఉంది. వచ్చింది లేదు.