సోఫాలో నా చోటు

అన్నయ్యకు,

నువ్వు అమ్మిన సబ్‌వూఫర్‌లో లోపమేమీ లేదు. మీ బావగారికే అది మిగతా స్పీకర్లతో కలిసినట్టు అనిపించడం లేదు. దాని వెనక, దరువును మిగతా స్పీకర్లతో కలిపే ఫేజ్ స్విచ్ అటూ ఇటూ తిప్పుతూ, "దరువు ఇప్పుడు గట్టిగా ఉందా, ఇందాకా?" అని అడుగుతారు. నేను సోఫా మీద ఆయన గీసిన చాక్‌పీసు గీతల మధ్య కదలకుండా కూర్చోవాలి. ఇప్పుడే అంటే, "నా మొహం చూసి చెప్తున్నావు" అంటారు. ఇందాకే అంటే మళ్ళీ మొదటికొస్తారు.

నేను లేస్తే గదిలో శబ్దం మారిపోతుందట. కిటికీలు మూసేశారు. మోగితే పని చెడుతుందని నా ఫోను తీసేసుకున్నారు. తలుపు తాళంచెవి ఆయన జేబులోనే ఉంటోంది. పాత వైరు నీ షాపుకి తిప్పి పంపుతున్నారని దాని చుట్టలో ఈ కాగితం దోపాను.

శబ్దం విషయంలో ఆయన నీ మాటొక్కటే వింటారు. వీధి గేటు దగ్గర నిలబడి వింటేనే ఫేజ్ తేలుతుందని ఫోన్ చేసి చెప్పు. స్విచ్ తిప్పడానికి ఆయన లోపలే ఉండాలి కాబట్టి, వినడానికి నన్నే పంపుతారు. నువ్వు బండి వేసుకొచ్చి మలుపులో ఉండు.

పాట బాగా గట్టిగా పెట్టమని కూడా చెప్పు. గేటు తీసిన చప్పుడు ఆయనకు వినిపించకూడదు.

నీ చెల్లి