ఏడింట మూడు

బుధవారం, రాత్రి.

ఐదో తరగతి రత్నకు భిన్నాల తీసివేత ఈరోజూ పట్టుబడలేదు. ఏడింట మూడులోంచి ఏడింట రెండు తీసేయమంటే, కింది ఏడులోంచి కూడా ఏడు తీసేసి సున్నా వేసింది. మా బడి భాష తమిళంలో చెప్పీ చెప్పీ, చివరికి మా ఇద్దరి ఇళ్ళలో మాట్లాడే తెలుగులోనే అడిగాను.

"వారానికి ఏడు దినాలు. ఉమ్మడి బావి నీళ్ళు మీ వంతుకు మూడు దినాలు గదా. అందులో రెండు మీ చిన్నాయనకు ఇచ్చేస్తే?"

"ఏడింట్లో ఒకటే సార్. నిన్న పంచాయితీలో మా నాయన ఆ రెండూ ఇచ్చేసినాడు."

ఆ సంగతి నాకు తెలియదు.

"ఒక్క దినం తడితో మా టమాటా తోట నిలుస్తుందా సార్?"

లెక్క సరిగానే చేసిందని నోటుబుక్కులో టిక్కు పెట్టాను.

రేపు మళ్ళీ కూడికలు. ఆ పిల్లను ఏడింట ఒకటికి ఏడింట రెండు కలపమని ఎలా అడిగేది...