భుజం మీద సైకిల్

నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున భానూర్ అవతల చెలకలో సైకిల్ పందెం జరిగింది. బురదలో తొక్కుతూ, దారికి అడ్డంగా నిలబెట్టిన చెక్కపలకల్ని దాటాలి. సైకిల్‌తో సహా ఎగిరి దూకొచ్చు, లేదా దిగి సైకిల్ మోసుకుంటూ ఉరకొచ్చు.

దూకడం నాకూ వచ్చు. కానీ రాత్రి వానకు పలకలు జారుతున్నాయి. నా ముందున్న పిల్ల దూకింది. వెనక చక్రం పలకకు తగిలి బురదలో బోర్లా పడింది. "నాకేం గాలే, నువ్వు పో అక్కా!" అని అరిచింది.

నువ్వు గుర్తొచ్చావు. డ్యూటీకి పోతూ రైలు పట్టాల దగ్గర దిగి, భుజాన తువ్వాల మడతేసి సైకిల్ ఎత్తుకునేవాడివి. పట్టాల మీదుగానే తొక్కుకుంటూ పోయే తోటివాళ్లు నవ్వితే, "డ్యూటీ గావాలె, మూతిపండ్లు గూడ గావాలె" అనేవాడివి.

నేనూ దిగాను. ప్రతి చుట్టులోనూ సైకిల్ మోస్తూ ఉరికాను. మూడో స్థానం వచ్చింది.

తర్వాత ఆ పిల్ల కుంటుకుంటూ వచ్చి, "భుజం నొస్తలేదా అక్కా?" అనడిగింది. జెర్సీ కింద మడతపెట్టిన నీ తువ్వాల చూపించాను.

"నాక్కూడ ఒకటి తే" అంది.

నీ రెండో తువ్వాల పెట్టెలోంచి తీసి ఉతికి ఆరేశాను. ఆదివారం ప్రాక్టీసులో ఆ పిల్లకిస్తాను.