దుకాణాల పేజీ మీద చీటీ

ప్రియమైన బుల్లీ,

నీ ఉత్తరం చదివాక ముద్ద మింగుడు పడలేదు. పదకొండేళ్ళుగా నీ కుట్టుమిషను కదలని కొట్టు అది. ముప్ఫై రోజుల్లో ఖాళీ చేయమంటాడా ఆ ఓనరు? మీ వకీలు చెప్పింది నిజమేనా అని మా ఆఫీసు పుస్తకం కూడా తిరగేశాను. దుకాణాల అద్దె చట్టంలో ముప్ఫై రోజులనే ఉంది.

మా పని సగానికొచ్చింది. దేశంలోని చట్టాలన్నీ స్కాన్ చేసి, ఎవరైనా ఫోన్‌లో చదువుకునేలా పెడుతున్నాం. ఇన్నాళ్ళూ అవి బీరువాల్లో తాళాల వెనక ఉన్నాయి. చదువుకుని జనం ఏం చేస్తారోనని ఒక్కోసారి అనుమానం వస్తుంది. అయినా పొద్దున్నే వెళ్ళి స్కానర్ ముందు కూర్చుంటున్నాను.

ధైర్యంగా ఉండు.
నీ అక్క

అక్కా,

చేదు మందు ఇంటింటికీ పంచినట్టుంది మీ పని. ఫోన్‌లో పెట్టినా ముప్ఫై రోజులు ముప్ఫై రోజులేగా? పక్క కొట్టు గుండీల బాబాయ్‌కీ నోటీసు వచ్చింది. ఆయన గడువు నాకంటే వారం తర్వాత. "మీ అక్క చట్టాల దగ్గరే ఉంటుందిగా, కాస్త సాగదీయమను" అంటున్నాడు. చట్టాన్ని మన కుట్టు లాస్టిక్ అనుకున్నాడు పాపం.

ఒక్కటి అడుగుతాను. గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు వెనక్కొచ్చే మనిషివి నువ్వు. ఆ అనుమానం ఈ దుకాణాల చట్టం పేజీ మీద కూడా పెట్టు.

నీ బుల్లి

బుల్లీ,

పెట్టాను.

మా దగ్గర ఒక పద్ధతుంది. చట్టానికి సవరణ వస్తే, మారిన మాటలు అచ్చేసిన చీటీని పాత మాటల మీద జిగురుతో అంటిస్తాం. అంటించినవాళ్ళు పక్కన పొట్టి సంతకం చేస్తారు. కొత్త పుస్తకాలన్నీ ఆ ప్రతి చూసే అచ్చేస్తారు. దుకాణాల పేజీలో 'ముప్ఫై రోజులు' అన్న చీటీకి ఆవిరి పట్టి లేపాను. కింద 'ఆరు నెలలు' అని ఉంది. పాత గెజిట్ తెప్పించి చూశాను. ఆ సవరణ గోదాములకట. గోదాముల నియమం ఎదురు పేజీలోనే ఉంది. దాని మీద పడాల్సిన చీటీ ఈ పేజీలో పడింది. ఇరవై ఒక్క ఏళ్ళుగా అందరూ దాన్నే చట్టమనుకున్నారు.

పక్కన ఉన్న సంతకం నాది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలది.

మా ఆఫీసరుకి నీ నోటీసు సంగతితో సహా చెప్పాను. "దిద్ది ఊరుకోండి, తప్పు జరిగిందని గమనిక ఎందుకు?" అన్నాడు.

"గమనిక లేకపోతే ఇప్పటికే ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళకి ఎలా తెలుస్తుంది సార్?"

"అయితే మీ పేరు వేయాలి. మీ చెల్లెలి సంగతీ బయటికొస్తుంది. చట్టం ఎవరి చుట్టమూ కాదంటారు, మీకు మాత్రం స్వయానా చెల్లెలే అంటారు జనం."

నా పేరుతోనే వేస్తానన్నాను. తప్పు నాదైనప్పుడు ఉద్యోగం ఏమైనా సరే. కానీ ఇప్పుడే వేస్తే, చెల్లెలి కోసం అల్లిన కథ అంటారు. ఆ మాటతో అసలు విషయమే కొట్టుకుపోతుంది. అందుకని నీ వ్యవహారం తేలేదాకా రెండు నెలలు ఆగుదామనుకుంటున్నాను. గెజిట్ నకలు ఇందులో పెట్టాను. నీ గడువు ఇంకా పన్నెండు రోజులుంది. వకీలుకి చూపిస్తే నీ కొట్టు నిలబడుతుంది.

ఈ ఉత్తరం రెండుసార్లు చించి మళ్ళీ రాశాను. తప్పు చేస్తున్నానా?

నీ అక్క

ప్రియమైన అక్కా,

అవును, తప్పే. ఇరవై ఒక్క ఏళ్ళ కిందటిది పొరపాటు. ఇప్పుడు చేస్తున్నది తెలిసి చేస్తున్నది.

నువ్వు పంపిన నకలు ఇందులోనే తిప్పి పంపుతున్నాను. వకీలుకి చూపించలేదు. నాకొక్కదానికే తెలిసిన చట్టంతో నేను కొట్టులో కూర్చుని, గుండీల బాబాయ్ సామాను బండికెక్కించుకుంటుంటే కిటికీలోంచి చూడనా? రెండు నెలల్లో ఇంకెంతమంది ఖాళీ చేస్తారో నువ్వే లెక్కేసుకో.

నిన్న నేనే ఖాళీ చేశాను, గడువు ఇంకా వారం ఉండగానే. మిషను ఇంట్లో ముందుగదిలో పెట్టాను. కాలు చాపుకోవడానికి చోటు లేదుగానీ కుట్టు బాగానే పడుతోంది. తాళంచెవి ఇస్తుంటే ఓనరు మొహం చూడాల్సింది, గొడవపడతానని నలుగురిని వెంటేసుకొచ్చాడు. ఇక చెల్లెలి కొట్టు కాపాడుకోడానికే రాసిందని ఎవడంటాడు? కొట్టే లేదుగా.

నాకోసం కళ్ళనీళ్ళు పెట్టుకోకు, నేనేం త్యాగం చేయలేదు. నీ గమనిక పడ్డ మర్నాడే, ఖాళీ చేసినవాళ్ళందరితో కలిసి నేనూ కోర్టులో అర్జీ పెడతాను. ఆ కొట్టు మళ్ళీ తెచ్చుకుంటాను.

బాబాయ్ గడువు ఈ శుక్రవారం కాక పై శుక్రవారంతో సరి. నువ్వు దానికి ముందు బుధవారానికల్లా గమనిక పెట్టు.

నీ బుల్లి