ముట్టిన నోటీసు

గోదావరిఖని,
18 జూన్ 2025.

తమ్ముడు ఎల్లేశానికి,

సదయ్య దీవెనలు. ఇక్కడ నేనూ మీ వదిన సారవ్వా బాగున్నాం, నా మోకాళ్ళు తప్ప. నువ్వూ పోశవ్వా పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. రెండు కిలోమీటర్ల దూరానికి ఉత్తరమేమిటని నవ్వకు. మూడేళ్ళుగా ఎదురుపడితే ముఖం తిప్పుకుంటున్నవాళ్ళం, ఫోనులో ఏమని మొదలుపెట్టను? రిటైరై క్వార్టరు ఖాళీ చేసినప్పుడు నేను వేసుకున్న రేకుల షెడ్డు విప్పుకుపోయానని నీ కోపం. ఆ క్వార్టరు నీకే వస్తుందని తెలిసీ విప్పాను. తప్పు నాదే.

సంగతికొస్తాను. మా ఇంటి తలుపుకి ఫైనాన్సు కంపెనీవాళ్ళు జప్తు కాగితం అంటించారు. మావాడు భూపాల్ టిప్పరు కోసం ఈ ఇల్లు కుదువపెట్టిన సంగతి నీకు తెలుసు. ఆ టిప్పరు బసంత్‌నగర్ దగ్గర కాలిపోయింది. ఇన్సూరెన్సు సొమ్ము నేరుగా ఫైనాన్సు కంపెనీకే చేరింది, వాళ్ళేమో దాన్ని అప్పులో తగ్గించలేదు. ఆ మాట చెబుదామని వెళితే, గవన్నీ మాకు తెల్వది పెద్దాయనా, వచ్చే నెల పదికి తాళమేస్తం అన్నాడు మేనేజరు. మరి జడ్జి నన్నెప్పుడు పిలుస్తడని అడిగాను. జడ్జి ఎందుకు, చట్టమే మాకు పవరిచ్చింది అన్నాడు.

నిజమేనట. మా వకీలు వేదిక, మంథని అమ్మాయి, విడమరిచి చెప్పింది. ఇల్లు స్వాధీనం చేసుకోవడానికి అప్పిచ్చినవాడు కోర్టు గడప తొక్కనక్కర్లేదు. అభ్యంతరముంటే తర్వాత మనమే ట్రిబ్యునల్ వెంట తిరగాలి. నాకు ఒళ్ళు మండింది. నీకు గుర్తుందా, ఏడాదికి నూరు మస్టర్ల హాజరు నిండలేదని బొగ్గు కంపెనీ నాకు ఛార్జిషీటిచ్చింది? తీసేసే ముందు ఎంక్వైరీకి పిలిచారు. నా పక్కన కూర్చున్న నువ్వు లేచి, సార్, గీయన పచ్చకామెర్లతోని పడ్డడు, దవాఖాన చిట్టీలు సూడుండ్రి అన్నావు. చూశారు. నా నౌకరీ నిలిచింది. డ్యూటీకి రానివాడి మాట వినాలన్న నీతి ఉన్నప్పుడు, ఇల్లు పోయేవాడి మాట వినొద్దా?

అందుకే ఆ చట్టం రాజ్యాంగానికి తగదని హైకోర్టులో రిట్ వేశాం. ఢిల్లీలోని పెద్ద కోర్టు దాన్ని ఎప్పుడో సమర్థించింది, గెలవడం కష్టం తాతా అని వేదిక దాచకుండా చెప్పింది. ముప్పై రెండేండ్లు బొగ్గుబాయిల దిగిన, కష్టమని ఎన్నడన్న మధ్యల ఎక్కివచ్చిన్నా బిడ్డా అన్నాను.

ఇంకో సులువైన దారి కూడా చూపించింది. అప్పు కట్టమని ముందుగా పోస్టులో పంపాల్సిన నోటీసు నాకు అందలేదని రుజువు చేస్తే చాలు, తాళం ఆగుతుందట. వద్దన్నాను. ముట్టిందనే రాయమన్నాను. నీకేమన్న పిచ్చి లేసిందా, రానిదాన్ని వచ్చిందంటవేంది అని సారవ్వ తిట్టింది. నోటీసు ముట్టడం వేరు, మన మాట వినడం వేరు. ఈ రెండోదాని కోసమే నా కొట్లాట.

జులై రెండున హైదరాబాదులో వాయిదా. నువ్వేమీ చెప్పనక్కర్లేదు. ఆనాటిలాగా పక్కన కూర్చో, నాకు ధైర్యం. ఆ రోజు తెల్లారగట్ల బస్టాండులో ఎదురుచూస్తాను.

ఇట్లు,
నీ అన్న,
సదయ్య.

తా.క.: ఫైనాన్సు కంపెనీ వాళ్ళిచ్చిన కాగితాల్లో రిజిస్టరు ఉత్తరం అందినట్టు ఒక కార్డుంది. ఇప్పుడు నువ్వుంటున్న నా పాత క్వార్టరు చిరునామా, కింద నా పేరుతో సంతకం. నా చెయ్యి నలిగి కట్టుతో ఉన్న నాలుగు నెలలు నా సెలవు చీటీలన్నీ రాసింది నువ్వు. ఆ రాత నేను పోల్చుకోలేనా? అందలేదని రుజువు చేయాలంటే ఆ సంతకం ఎవరిదో తేలాలి. నీకింకా రెండేళ్ళ సర్వీసుంది, కేసైతే నౌకరీ పోతుంది. వేదికకు చెప్పలేదు, సారవ్వకూ చెప్పను. ఎవరడిగినా అది నాదేనంటాను. ఆ కవరు చింపేసి ఉండకపోతే వచ్చేటప్పుడు తీసుకురా. అందులో ఏముందో నేనింకా చదవలేదు.